ఒక దీర్ఘం ఖరీదు

ప్రభుత్వం వారి కంప్యూటరులో మా నాన్నగారి పొలానికి ఒక దీర్ఘం లోపించింది. ఇది అలంకారం కాదు. అక్షరాలా దీర్ఘమే.

తాతగారు గతించాక అయిదెకరాల చెలకను నాన్నగారూ బాబాయీ చెరిసగం పంచుకున్నారు. సర్వే నంబరు ఒక్కటే కనుక, పహాణీలో నంబరు పక్కన గీత గీసి బాబాయి వాటాకు 'అ' అనీ, నాన్నగారి వాటాకు 'ఆ' అనీ రాశారు. (పెద్దవాడికి 'ఆ' ఎందుకు వచ్చిందని అడిగాను. తూర్పు నుండి లెక్కపెట్టారట.) బై నంబర్లకు తెలుగు అక్షరాలు వేయడం మా వైపు పాత రివాజు. ఆ కాగితాలను కంప్యూటరులోకి ఎక్కించిన రోజుల్లో ఈ అక్షరాలు రోమను లిపిలోకి మారిపోయాయి. 'అ'కు ఒక ఏ, 'ఆ'కు రెండు ఏలు. ఎక్కించిన కుర్రవాడెవరో మా వరుస దగ్గర మీట ఒక్కసారే నొక్కాడు. అప్పుడు ఒకే నంబరుతో రెండు వరుసలు కనిపించాయి. ఆ తరువాత ఎప్పుడో, జంటగా ఉన్న వరుసలను ఏరిపారేసే కార్యక్రమంలో, రెండూ కలిసి ఒకటయ్యాయి. అయిదెకరాలూ బాబాయి పేర నిలిచాయి. అరవయ్యేళ్ళు సేద్యం చేసిన మా నాన్నగారు రికార్డు ప్రకారం భూమి లేని వ్యక్తి అయ్యారు.

మాకు కలిసివచ్చినదల్లా బాబాయి బాబాయి కావడమే. ప్రభుత్వం ఎకరానికి అయిదు వేల చొప్పున పంట సాయం వేసినప్పుడల్లా మొత్తం ఆయన ఖాతాలోనే పడేది. ఆయన బ్యాంకుకు వెళ్ళి, పన్నెండు వేల అయిదు వందలు వేరుగా తీసి, రుమాలులో చుట్టి తెచ్చి, "అన్నయ్యా, ఇదిగో నీ దీర్ఘం సొమ్ము" అని అరుగు మీద పెట్టేవాడు.

అన్నదమ్ములిద్దరూ కలిసే కార్యాలయానికి వెళ్ళారు. నా పేర ఎక్కువ పడింది, తీసి ఆయనకు ఇవ్వండి అని బాబాయి నోటితో చెప్పాడు, కాగితం మీద రాసి సంతకం చేశాడు. వివాదం లేదు, ప్రతివాది లేడు. అక్కడి ఉద్యోగి మర్యాదస్తుడే. తెర వంక చూసి, "మా లాగిన్‌లో ఆ ఆప్షన్ లేదండీ" అన్నాడు. ఆ ఆప్షన్ ఉన్నవారిని చేరుకోవడానికి నాలుగేళ్ళు పట్టింది. మధ్యలో రెండు దరఖాస్తులు తిరస్కరించబడ్డాయి. కారణం రాయవలసిన గడి రెండుసార్లూ ఖాళీగానే వచ్చింది.

ఈ టపా మా ఇంటి గోడు వెళ్ళబోసుకోవడానికి కాదు. ఆ నాలుగేళ్ళలో, గుమాస్తాల బల్లల ముందు నిలబడి, భూమి కాగితాలు కంప్యూటరులోకి వెళ్ళడమనే వ్యవహారాన్ని గురించి నాకు ఏర్పడిన అభిప్రాయమొకటి ఉంది. అది చెప్పాలనే.

కంప్యూటరుకు నేను విరోధిని కాను. 1998 నవంబరు 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 214 సబ్‌రిజిస్ట్రారు కార్యాలయాల్లో 'కార్డ్' పథకం మొదలైంది. అంతకు ముందు దస్తావేజు రిజిస్టరు చేయించడమంటే ఏమిటో నాకు బాగా గుర్తు. అసలు కాగితం లోపలే ఉండిపోయేది. దానిని పెద్ద పుస్తకంలోకి మాట మాటా చేత్తో ఎక్కించే నకలు గుమాస్తా చేయి ఖాళీ అయ్యేవరకూ మనం తిరగాలి. ఈసీ కావాలంటే ఏళ్ళ తరబడి సూచికల సంపుటాలు దుమ్ము దులిపి వెతకాలి, వెతికేవాడి చేయి తడపాలి. కార్డ్ వచ్చాక దస్తావేజును స్కాను చేసి భద్రపరచడం, ఈసీని నిమిషాల్లో అచ్చు తీసి ఇవ్వడం సాధ్యమైంది. ఇవాళ ఈసీ ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. అది నిస్సందేహంగా మేలు.

కానీ గమనించండి, ఆ కంప్యూటరు చేసినది నకలు గుమాస్తా పని. అంతకు మించి ఏమీ లేదు. మన రిజిస్ట్రేషను స్వభావమే అది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం నూరు రూపాయలు, ఆ పైన విలువగల స్థిరాస్తిని అమ్మాలంటే రిజిస్టరు దస్తావేజు ఉండాలి. ఎలా రిజిస్టరు చేయాలో 1908 నాటి చట్టం చెబుతుంది. సబ్‌రిజిస్ట్రారు మనకు హక్కునేమీ ప్రసాదించడు. ఫలానా రోజున ఫలానావారు రాసిన కాగితం నా ఎదుటికి వచ్చింది, రాసినవారు తాము రాసినట్టు ఒప్పుకున్నారు, దాని ప్రతి నా దగ్గరుంది అని సాక్ష్యం చెబుతాడు. అమ్మినవాడికి అమ్మే హక్కు ఉందో లేదో చూసుకోవలసిన పూచీ కొన్నవాడిదే. ముప్పయ్యేళ్ళ లింకు దస్తావేజులు, ఈసీలు, వకీలు అభిప్రాయం, ఇరుగుపొరుగుల వాకబు, ఇవన్నీ అందుకే. నకలు గుమాస్తా తప్పు రాస్తే అసలు కాగితం నా పెట్టెలో ఉంటుంది. తెచ్చి చూపిస్తాను. కంప్యూటరు ఆ గుమాస్తా కుర్చీలో కూర్చున్నంతకాలం వచ్చిన ముప్పు తక్కువే.

చిక్కు ఎక్కడ మొదలైందంటే, నకలు రాసేవాడు తీర్పరి ఆసనం ఎక్కిన చోట. తెరమీద ఏది ఉంటే అదే హక్కు, తెరమీద లేనిది లేనట్టే అన్న స్థితి వచ్చింది. బ్యాంకు తెర చూస్తుంది. విత్తనాల రాయితీ ఇచ్చేవాడు తెర చూస్తాడు. నాన్నగారు ఇనుపపెట్టెలోంచి తీసిన పాత పహాణీ నకళ్ళను, శిస్తు రసీదులను ఎవరూ కాదనలేదు. "ఇవి నిజమేనండీ, కానీ సిస్టంలో లేదు కదా" అన్నారు.

చట్టం ఏమంటుందో చూద్దామని నేనూ కొంత తిరగేశాను. (న్యాయశాస్త్రం చదివిన బ్లాగ్మిత్రులు పొరపాటుంటే సవరించగలరు.) 1971 నాటి ఆంధ్రప్రదేశ్ భూమి హక్కులు, పట్టాదారు పాసుపుస్తకాల చట్టంలో 6వ సెక్షను ప్రకారం, హక్కుల రికార్డులోని ప్రతి నమోదూ, కాదని రుజువయ్యేదాకా, నిజమనే భావించాలి. మంచిదే. రెండు సెక్షన్ల తరువాత, 8వ సెక్షనులో, రికార్డులో ఒక నమోదు చేయమనో, తీసివేయమనో, మార్చమనో ప్రభుత్వం మీద గాని, ప్రభుత్వోద్యోగి మీద గాని దావా వేయడానికి వీల్లేదని ఉంది. నష్టపోయినవాడు తన హక్కును కాదంటున్న వ్యక్తి మీద దావా వేసుకోవాలి. అంటే ఆ చట్టం కింద మా నాన్నగారు బాబాయి మీద దావా వేయాలి! రుమాలులో సొమ్ము చుట్టి తెచ్చే మనిషి మీద. అటు 1908 రిజిస్ట్రేషను చట్టం 86వ సెక్షను కూడా, సద్భావంతో చేసిన పనికి రిజిస్టరు చేసే అధికారి మీద దావా చెల్లదంటుంది.

కాగితం రోజుల్లో ఈ ఏర్పాటుకు ఏదో అర్థం ఉంది. రికార్డు ఒక ఊహ మాత్రమే, ఖండించడానికి నీకు దస్తావేజూ ఊరి సాక్ష్యమూ ఉన్నాయి, ఆ ఊహ తప్పయితే ప్రభుత్వానికి శిక్షెందుకు? ఇప్పుడు ఊహ కాస్తా ఆజ్ఞ అయింది. పూచీ మాత్రం పాత చోటనే, అంటే రైతు నెత్తిన, ఉండిపోయింది. నా అభ్యంతరమంతా ఈ ఒక్క సంగతి మీదనే.

కరణాల కాలమే బాగుండేదని నేననను. 1984లో రామారావు ప్రభుత్వం కరణం, మునసబు, పటేలు, పట్వారీ వ్యవస్థలను రద్దు చేసినప్పుడు పల్లెల్లో పండుగ చేసుకున్నవారు ఊరికే చేసుకోలేదు. ఒక పెన్సిలు గీతతో కుటుంబాలను కోర్టు మెట్లెక్కించిన ఘనులు వారిలో ఉన్నారు. అయితే తప్పు రాసినవాడు ఎవరో ఊరందరికీ తెలుసు. వాడి ఇల్లు తెలుసు. జమాబందీకి పై అధికారి వచ్చినప్పుడు నలుగురిలో నిలబెట్టి అడిగే వీలుండేది. మా దీర్ఘాన్ని మింగినవాడి పేరు నాకు నేటికీ తెలియదు. వరుసలు కలిపేసినది మనిషో, మనిషి రాసిన ప్రోగ్రామో కూడా తెలియదు.

అన్నట్టు, అంకెల సంగతి కూడా చెప్పాలి. మా పొలం చెరొక రెండెకరాల ఇరవై గుంటలు. దానిని 2.20 అని రాస్తారు. నలభై గుంటలు ఎకరం కనుక 2.20, 2.20 కూడితే మా ఊళ్ళో 5.00. ఇదే లెక్కను గుంటూరు వాసి అయిన మా బావగారికి చూపిస్తే 4.40 అన్నారు. వారికి నూరు సెంట్లు ఎకరం. ఆ చుక్క దశాంశ బిందువు కాదని మా ఊరి పశువులకాపరికి కూడా తెలుసు. భూమి రికార్డు అంకెల పట్టిక కాదు, ఒక ప్రాంతపు భాష. దానిని యంత్రానికి నేర్పేటప్పుడు ఆ భాష తెలిసినవాడు పక్కన ఉండాలి.

తెలంగాణలో 2017 సెప్టెంబరు 15న భూరికార్డుల ప్రక్షాళన మొదలైంది. 2020 అక్టోబరు 29న మూడుచింతలపల్లిలో ధరణి పోర్టలును ప్రారంభించారు. అంతకు నెల రోజుల ముందే గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థను రద్దు చేశారు. వ్యవసాయ భూమికి తహసీల్దారే జాయింటు సబ్‌రిజిస్ట్రారయ్యాడు. రిజిస్ట్రేషను, మ్యుటేషను ఒకే కూర్చోవడంలో ముగిసేలా చేశారు. ఇది చిన్న మేలు కాదు. అంతకు ముందు రిజిస్ట్రేషను అయ్యాక పేరు మార్పిడికి నెలలు తిరిగేవారు, ఆ సందులో అమ్మినవాడే మరొకరికి మళ్ళీ అమ్మిన ఉదంతాలు ఉన్నాయి. కాని అదే 2020 చట్టంలో, తప్పు జరిగితే పైవారికి మొరపెట్టుకునే అప్పీలు మెట్లు లేవు. మారుమూల రైతుకు సివిలు కోర్టు చూపించారు. తప్పులు ఉండవన్న ధీమాయో ఏమో!

దానికంటే నన్ను బాధించినది మరొకటి. ఆ ప్రక్షాళనతో అనుభవదారు గడి పోయింది. పాత పహాణీలో పట్టాదారు ఎవరో ఒక గడిలో, నేల మీద నిజంగా ఉన్నది ఎవరో మరొక గడిలో రాసేవారు. ఆ రెండో గడిలో లంచాలు మేసినవారు ఉన్నారు, ఒప్పుకుంటాను. పట్నంలో ఉద్యోగం చేసుకునే భూస్వామికి ఆ గడి అంటే గుండెదడ. అయినా ఆ గడిలో బతికినవారి సంఖ్య తక్కువ కాదు. నూరు రూపాయల నియమం పుస్తకంలో ఉన్నా, పల్లెల్లో తరతరాలుగా తెల్లకాగితం మీదనే భూములు అమ్ముకున్నారు. సాదాబైనామా అంటే అదే. సొమ్ము ఇచ్చాడు, దున్నుకుంటున్నాడు, కొడుకు పెళ్ళి చేశాడు, పట్టా మాత్రం అమ్మినవాడి తాత పేరనే ఉంది. ఇటువంటివారికి అనుభవదారు గడి ఒక్కటే ప్రభుత్వ సాక్ష్యం. గడి తీసివేయగానే అమ్మినవాడి మనుమలు తెర చూసుకుని తమకు భూమి ఉన్నట్టు కనిపెట్టారు. కౌలుదారుల గతి అంతకన్నా చెప్పనక్కరలేదు.

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. కొత్త చట్టం అప్పీళ్ళకు దారి తెరిచింది, అమ్మకానికి పటం జతచేయాలన్నది. సంతోషం. తీసివేసిన మెట్లను మళ్ళీ కట్టడానికి నాలుగున్నరేళ్ళు పట్టిందన్నది మాత్రం మరచిపోకూడదు. ఆ కాలంలో జారిపడినవారు జారిపడనే పడ్డారు.

ఆంధ్రప్రదేశ్‌లో కథ మరొక దారిన నడిచింది. 2023 అక్టోబరు 31న భూ యాజమాన్య హక్కుల చట్టం అమల్లోకి వచ్చింది. సాక్ష్యపు రిజిస్ట్రేషను స్థానంలో హక్కుకే రిజిస్ట్రేషను, దానికొక అధికారి, రెండేళ్ళలో ఎవరూ అడ్డు చెప్పకపోతే ఆ నమోదే అంతిమం. వివాదాలు సివిలు కోర్టుకు కాక అప్పీలు అధికారికి, ఆపైన హైకోర్టుకు. న్యాయవాదులు విధులు బహిష్కరించి వీధికెక్కారు. 2024 ఎన్నికల్లో అది పెద్ద వివాదమైంది. కొత్త ప్రభుత్వం రాగానే, ఆ ఏడాది జులైలో శాసనసభ దానిని రద్దు చేసింది. రద్దు సబబే అనుకుంటాను. రెండేళ్ళలో అడ్డు చెప్పమంటే, అడ్డు చెప్పవలసినవాడు ఏ గల్ఫు దేశంలో కూలికి పోయి ఉన్నాడో! మా నాన్నగారికి దీర్ఘం పోయిన సంగతి తెలియడానికే రెండేళ్ళు పట్టింది. కాని రద్దుతో అందరూ ఊపిరి పీల్చుకుని ఊరుకోవడం నాకు నచ్చలేదు. ఖచ్చితమైన హక్కు పత్రం అన్న ఆలోచనలో దోషం లేదు. దోషం దానిని సగమే అరువు తెచ్చుకోవడంలో ఉంది.

ఆ ఆలోచన పుట్టినచోటు ఆస్ట్రేలియా. రాబర్ట్ టారెన్స్ అనే ఆయన అడిలైడు రేవులో సుంకాధికారిగా పనిచేశాడు. ఓడకు ఒక రిజిస్టరు ఉంటుంది, ఎవరి పేరుంటే ఓడ వారిది, పాత కాగితాల కట్టలు విప్పనక్కరలేదు. భూమికి ఎందుకు ఉండకూడదన్నాడు. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో చట్టమైంది. రిజిస్టరు అద్దంలా ఉన్నది ఉన్నట్టు చూపాలి, దాని వెనకకు తొంగిచూసే అవసరం కొనేవాడికి ఉండకూడదు, ఇవి అందరూ వల్లించే సూత్రాలు. మూడోదాని దగ్గరకు వచ్చేసరికి మనవారికి దగ్గు వస్తుంది. అద్దం తప్పు చూపించి ఎవరైనా నష్టపోతే పరిహారం చెల్లించాలి, దానికొక నిధి ఉండాలి. ఇంగ్లండులోనూ అంతే. అక్కడి 2002 చట్టంలో, రిజిస్టరులోని పొరపాటు వల్ల నష్టపోయినవారికి భూరిజిస్ట్రీయే పరిహారం ఇవ్వాలని ఉంది. ఎలక్ట్రానిక్ బదిలీలకు ఆ చట్టం తలుపు తెరిచినా, మోసాల భయం మీద 2011లో ఆ పనిని పక్కన పెట్టారు. తప్పుకు తామే సొమ్ము కట్టవలసినవారికి సహజంగా కలిగే జాగ్రత్త అది. మన దగ్గర తొందరెక్కువ ఎందుకంటే, తప్పు ఖరీదు తొందరపడేవాడు కట్టడు కనుక.

మోసం అంటే గుర్తొచ్చింది. 2018లో తెలంగాణలో ఒక వ్యక్తి రిజిస్ట్రేషను శాఖ వెబ్‌సైటు నుండి దస్తావేజులు దించుకుని, వాటి మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు తయారుచేసి, వాటితో సిమ్ కార్డులు ఉత్తేజితం చేసి పట్టుబడ్డాడు. పొలం అమ్ముకున్న పాపానికి మనిషి బొటనవేలే బజారున పడింది. తాళపుచెవి పోతే మార్చుకోవచ్చు, వేలిని ఏం చేయాలి? 2025 మే నెలలో కేంద్రప్రభుత్వం 1908 చట్టం స్థానంలో కొత్త రిజిస్ట్రేషను బిల్లు ముసాయిదాను ప్రజాభిప్రాయానికి పెట్టింది. దస్తావేజును అంతర్జాలం ద్వారానే సమర్పించడం, ఎలక్ట్రానిక్ రూపంలోనే ధ్రువపత్రం ఇవ్వడం అందులో ఉన్నాయి. నేను వద్దనను. అమెరికాలో ఉన్న కొడుకు సంతకం కోసం ముసలి తల్లి అమ్మకం ఆపుకోవలసిన అగత్యం తప్పుతుంది. కాని అటువంటి రోజున నా పెట్టెలో కాగితం కూడా ఉండదు కదా. తెర ఒక మాట చెబితే, అది కాదనడానికి నా చేతిలో ఏముంటుంది?

నేను అడిగేవి గొంతెమ్మ కోరికలు కావు. రికార్డులో మార్పు జరిగిన ప్రతిసారీ ఎవరు మార్చారు, ఏ కాగితం చూసి మార్చారు అన్నది పేరుతో సహా ఆ రికార్డు కిందనే కనబడాలి. పాత వరుస చెరిగిపోకూడదు, కొట్టివేతతోనైనా ఉండాలి. కాగితం పుస్తకంలో కొట్టివేత కనిపించేది కదా! ఇరుపక్షాలూ ఒప్పుకున్న సవరణ ఆ ఊరి స్థాయిలోనే ముగియాలి. తిరస్కరిస్తే కారణం రాయని దరఖాస్తును కంప్యూటరు ముందుకు కదలనివ్వకూడదు. మన వయసు అంకెల్లో వేయకపోతే కదలనివ్వదు కదా, ఇదీ అంతే. ఇక అన్నిటికన్నా ముందు, పరిహారం. రిజిస్ట్రేషను రుసుములో రూపాయికి ఒక పైసా పక్కన పెట్టినా నిధి పోగవుతుంది. ప్రభుత్వానికి భారం కదా అంటారేమో. నాలుగేళ్ళ పాటు ఆ భారం మోసినవారు డెబ్బయ్యేళ్ళ ఇద్దరు ముసలివాళ్ళు, బస్సు చార్జీలతో సహా.

మూడో దరఖాస్తు ఒప్పుకున్నారు. ఎందుకు ఒప్పుకున్నారో కూడా రాయలేదు. కొత్త పాసుపుస్తకం వచ్చిన రోజున నాన్నగారు దానిని కళ్ళకద్దుకుని పెట్టెలో పెట్టారు గాని, పాత పహాణీ నకళ్ళను తీసివేయనివ్వలేదు. ఇప్పటికీ నెలకొకసారి నాకు ఫోను చేసి, ఆ వెబ్‌సైటు తెరిచి చూడమంటారు. పాసుపుస్తకం మీ దగ్గరే ఉంది కదా అంటే వినరు. సర్వే నంబరు కొడతాను, చక్రం తిరుగుతుంది, ఒక్కోసారి చాలాసేపే తిరుగుతుంది. ఆయన ఫోను పెట్టరు.

"ఉందిరా?"

"ఉంది నాన్నగారూ. రెండు ఏలూ ఉన్నాయి."